పదకొండు వాక్యాల జెద్దా

ఊరు చూడ్డానికని నేను మొదటిసారి ఇల్లు కదిలింది నలభై తొమ్మిదో ఏట. అంతకుముందు ఊళ్ళు తిరగలేదని కాదు. రాయచోటి నుంచి కడపకీ, కడప నుంచి బొంబాయికీ, అక్కణ్ణుంచి విమానమెక్కి జెద్దాకీ వచ్చినదాన్ని. కానీ ప్రతిసారీ ఏదో పని తరుముతుంటే, ఎవరో ఒకరి వెనక సంచి పట్టుకుని నడిచాను. నా కళ్ళు ముందు మనిషి చెప్పుల మీదే ఉండేవి. ఆ చెప్పులు కనిపించకపోతే నేను తప్పిపోయినట్టే.

ఆ శనివారం మాత్రం నేనే ముందు నడిచాను.

మేముండేది రాబిగ్‌లో. జెద్దాకి ఉత్తరంగా, కారులో రెండు గంటల దూరం. సముద్రం ఒడ్డున రిఫైనరీ, దాని మీద ఎప్పుడూ ఆరని మంట. ఊళ్ళో ఎక్కడున్నా ఆ మంట కనిపిస్తుంది కాబట్టి మాలాంటివాళ్ళకి దిక్కు తెలియడానికి అదే ఆనవాలు. మా ఆయన ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు, అదే ఇంట్లో నేను పనిమనిషిని. ఇంటి యజమానురాలు మంచిది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు, గిన్నెలు అయ్యాక సాయంత్రం దాకా నన్ను వదిలేసేది.

ఆ శుక్రవారాలే నా బడి. మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో గుంటూరు వైపు ఆవిడ ఒకరుండేవారు. ఆవిడ భర్త ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పనిచేసేవారు. ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. పెళ్ళికి ముందు ఊళ్ళో బడిలో చెప్పేవారట. పిల్లలు బడికెళ్ళే వయసుకొచ్చాక చేతులు ఊరుకోక, మా బోటి ఆడవాళ్ళని అయిదారుగురిని పోగుచేసి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. మేం టీచరమ్మా అని పిలిచేవాళ్ళం, తెలంగాణ వాళ్ళు పంతులమ్మా అనేవాళ్ళు. అచ్చు ఊళ్ళో బడిలాగే పలకలు, బలపాలు, గోడకి అక్షరాల పటం. సెలవుకి ఊరెళ్ళినప్పుడల్లా ఆవిడ ఒకటో తరగతి వాచకాలు తెచ్చేవారు. ఆ సామానంతా ఒక నీలం సూట్‌కేసులో ఉండేది.

చదువుకోవాలని నాకెందుకు పుట్టిందంటే, ఫోను వల్ల. నా ఫోనులో పేర్లు ఉండేవి కావు, బొమ్మలుండేవి. మా ఆయనకి కారు బొమ్మ, మా చెల్లెలికి మామిడికాయ. క్లినిక్‌లో ఆడవాళ్ళ వార్డులో ఆయాగా చేసే ఆర్మూరు అక్కకి పసుపురంగు పువ్వు, ఎందుకంటే వాళ్ళు పసుపు పండిస్తారు. ఒకరోజు ఫోను పాడై, బాగుచేసిన కుర్రాడు బొమ్మలన్నీ పోగొట్టి నంబర్లు మిగిల్చాడు. ఆ రాత్రి నా వాళ్ళందరూ ఒకేలా కనిపించారు. మర్నాటి శుక్రవారం టీచరమ్మ ఇంటి తలుపు కొట్టాను.

మూడేళ్ళు పట్టింది. చేతికి చీపురు లొంగినట్టు పెన్సిలు లొంగలేదు. అయినా గుణింతాలయ్యాయి, ఒత్తులు సగం దాకా వచ్చాయి. ఆ సగం దగ్గరే అసలు కథ.

ఆ ఏడాది సర్కారు కొత్త నియమం పెట్టింది. ఉద్యోగస్తుడు తన దగ్గర ఉంచుకున్న భార్యకీ పిల్లలకీ తలకింత అని లెవీ కట్టాలి. ఏటేటా అది పెరుగుతుందని ముందే చెప్పేశారు. కంపెనీల మీద నితాఖత్ అప్పటికే ఉంది. సౌదీవాళ్ళకి తగినన్ని ఉద్యోగాలు ఇచ్చిన కంపెనీకి పచ్చ రంగు, ఇవ్వనిదానికి ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో పరాయి దేశస్తుడి ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరితే మళ్ళీ పొడిగించరు. ఒక్కొక్క ఇంటి ముందూ అట్టపెట్టెలు కనిపించడం మొదలైంది. మా బడిలో ఆరుగురం ఉండేవాళ్ళం, వేసవికి ముగ్గురమయ్యాం, తర్వాత ఇద్దరం. నేనూ, ఆర్మూరు అక్కా.

చివరికి టీచరమ్మ వంతు వచ్చింది. పిల్లల్ని తీసుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, వెళ్ళిపోవాలి. ఆవిడ భర్త ఒక్కరే ఇక్కడ, నలుగురితో కలిసి గదిలో ఉంటారు.

కబురు చెప్పిన రోజు నేను సూట్‌కేసు వైపు చూశాను. ఆవిడ నా చూపు పట్టుకున్నారు.

"అది కార్గోలో వేసేస్తానమ్మా. అక్కడ మా ఊళ్ళో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి పనికొస్తుంది."

"ఈడ పనికి రాదా?" అన్నాను.

"ఎవరు చెప్తారు? చెప్పేవాళ్ళు లేకపోతే మీ ఇంట్లో బూజు పట్టడం తప్ప ఏం కాదు."

"నేను చెప్తాను."

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఒత్తులు సగంలో ఉన్నదాన్ని. బడి పోతే ఆ సగంలోనే ఉండిపోతాను. ఇంకొకరికి నేర్పాలంటే ముందు నేను నేర్చుకోక తప్పదు. అదీ నా లెక్క. వీధిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు పనిమనుషులు కూడా బడి గురించి అడుగుతున్నారు.

టీచరమ్మ వెంటనే సరే అనలేదు. చదువు విషయంలో ఆవిడ మొహమాటపడే మనిషి కాదు.

"శనివారం మావారు కార్గో ఆఫీసుకి జెద్దా వెళ్తున్నారు. మనమూ వెళ్దాం. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో చూసిన పాత ఊరు ఒకసారి చూసి పోవాలనుంది. దారి నేను కాగితం మీద రాసిస్తాను. మీరు చదివి మమ్మల్ని నడిపించండి. నేను ఒక్క మాట కూడా అందించను. పాత ఊరి అవతలి చివరున్న మక్కా గేటు దాకా తీసుకొచ్చారా, పెట్టె మీది. లేదా, సాయంత్రం కార్గోకి."

యజమానురాలు ఆ రోజు వాళ్ళమ్మ ఇంటికి పోతుండటంతో నాకు సెలవు దొరికింది. ఆర్మూరు అక్క డ్యూటీ మార్చుకుంది. ముగ్గురం ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాల్లో వెనక సీట్లో ఇరుక్కున్నాం. డిక్కీలో అట్టపెట్టెలు నిండిపోయి, నీలం సూట్‌కేసు ముందు సీట్లో టీచరమ్మ భర్త పక్కన కూర్చుంది, పెద్దమనిషిలాగా.

దారిలో కాగితం నా చేతికిచ్చారు. రూళ్ళ కాగితం, గుండ్రటి అక్షరాలు, పదకొండు వాక్యాలు. వరసకి అంకెలు వేసి ఉన్నాయి. పెదవులు కదిలిస్తూ ఒకసారి చదివాను. ఆర్మూరు అక్క మోచేత్తో పొడిచింది.

"జెద్దాల తెలుగు అచ్చరం ఏ గోడ మీద ఉంటదే చెల్లె? బోర్డులన్ని అరబ్బీల, ఇంగ్లీషుల. నీ సదువు అక్కడేం పని చేస్తది?"

"గోడ మీద లేకుంటే ఏం, నా చేతిలో ఉంది గదక్కా."

"మంచిది. తప్పిపోతే గా కాగితమే పరుసుకోని పండుదాం."

పదిన్నరకి మమ్మల్ని సముద్రం వైపున్న ఎత్తైన షాపింగ్ భవనం ముందు దించి, టీచరమ్మ భర్త కిటికీలోంచి తల బయటపెట్టారు. "అయిదింటికల్లా మక్కా గేటు దగ్గరుంటా. కార్గో వాళ్ళు పెట్టెలన్నీ తూకం వేసేసరికి అదే టైమవుద్ది. ఈ నీలంది ఒక్కటీ ఆపుతా. ఇది ఇచ్చేదీ లేనిదీ అప్పుడు చెప్పండి." కారు వెళ్ళిపోయింది.

మొదటి వాక్యం: పెద్ద భవనానికి వీపు పెట్టి నిలబడాలి. నిలబడ్డాను. రెండోది: ఎదురుగా ఉన్న రోడ్డు దాటాలి. దాటాం. మూడోది: మొబైల్ షాపుల వరస వస్తుంది, దాని వెంట నడవాలి. నాలుగోది: వరస అయిపోయిన మూల మీద మలబారు తాత చాయ్ కొట్టు ఉంటుంది. అయిదోది: అక్కడ కుడి చేతికి తిరగాలి. ఆరోది: పూలదండలు అమ్మే ఆవిడని దాటి పోవాలి.

రోడ్డు దాటాం గానీ మొబైల్ షాపుల వరస కనిపించలేదు. అత్తరు సీసాలు, అబాయాలు, పిల్లల బొమ్మలు. కొన్ని షట్టర్లు మూసి ఉన్నాయి, వాటి మీద కాగితాలు అతికించి పీకేసిన జిగురు మచ్చలు. చేతిబండి లాగుతున్న బంగాళీ మనిషిని ఆపి, "భాయ్, మొబైల్ మార్కెట్ కిధర్?" అన్నాను. అతను బండి దించకుండానే గడ్డంతో చూపించాడు. "ఉధర్. సీధా, ఫిర్ ఉల్టా హాథ్."

అతను చెప్పినట్టే నేరుగా పోయి ఎడమ చేతికి తిరిగాం. మొబైల్ షాపులు దొరికాయి. కౌంటర్ల వెనక తెల్లటి పొడుగు చొక్కాలు, తోబులు, వేసుకున్న సౌదీ కుర్రాళ్ళు కూర్చున్నారు. వరస ఎక్కడ అయిపోయిందో చూసుకుని, చాయ్ కొట్టు లేకపోయినా కుడి చేతికి తిరిగాను. టీచరమ్మ ఏదో అనబోయి ఆగారు. మాట ఇచ్చారు కదా.

సందు సన్నగా మొదలై ఇంకా సన్నబడింది. రెండు వైపులా పాత ఇళ్ళు. సముద్రపు రాయితో కట్టినవట, గోడల్లో గవ్వల అచ్చులు కనిపిస్తాయి. మూడో అంతస్తు నుంచి చెక్క కిటికీలు బయటికి పొడుచుకొచ్చి, జల్లెడలా చిన్న చిన్న కంతలతో, ఒకప్పుడు ఆకుపచ్చో నీలమో తెలీని రంగులో ఉన్నాయి. లోపలున్న ఆడవాళ్ళకి వీధి కనిపిస్తుంది, వీధికి వాళ్ళు కనిపించరు. తలెత్తి చూస్తూ నడుస్తుంటే మెడ నొప్పి పుట్టింది. ఇంతకాలం ముందు మనిషి చెప్పులు చూస్తూ నడిచిన మెడ అది. పైకి చూడడం దానికి అలవాటు లేదు.

కొన్ని ఇళ్ళు పక్కకి ఒరిగి, ఇనుప గొట్టాల ఊతకర్రల మీద నిలబడి ఉన్నాయి. చివరికి అలాంటి ఒక గోడే సందుకి అడ్డం వచ్చింది.

"అవ్వ! గిదేంది, సందు గీడికే ఆగిపాయె!" అంది ఆర్మూరు అక్క. "సూసినవా పంతులమ్మా, నీ శిష్యురాలి సదువు మమ్ముల గోడకు గుద్దిచ్చింది."

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం అజాన్ మొదలైంది. ఒక మీనారు మీద, తర్వాత ఇంకొకదాని మీద, తర్వాత అన్ని వైపుల నుంచీ. వెనక్కి వచ్చేసరికి షట్టర్లు ధడధడమని దిగుతున్నాయి. నమాజు సమయానికి దుకాణాలన్నీ మూస్తారు. అయిదు నిమిషాల్లో వీధిలో మనుషులు లేరు. దారి అడుగుదామంటే పిల్లి తప్ప ఎవరూ లేరు.

ఒక పాత ఇంటి గుమ్మం పక్కన రాతి అరుగు నీడగా ఉంటే కూర్చున్నాం. ఎలాగూ ఆకలేస్తోంది. నేను నిమ్మకాయ పులిహోర తెచ్చాను, అక్క కోడి వేపుడు తెచ్చింది. డబ్బా మూత తీయగానే ఒక పిల్లి ఉన్నచోట ఏడు పిల్లులయ్యాయి.

"యాల్లా, చలో! జావ్!" అని అక్క తనకొచ్చిన అన్ని భాషల్లోనూ అదిలించింది. అవి ఏ భాషకీ కదల్లేదు. చివరికి ఒక ఎముక విసిరి, "గీ ఊర్లె అందరికన్న ఎక్కువ కాలం ఉండేది మీరే, తినుండ్రి," అంది.

నేను డబ్బా పక్కన పెట్టాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని వేలు పెట్టి మళ్ళీ చదివాను. మొబైల్ షాపుల వరస. మలబారు తాత చాయ్ కొట్టు. కుడి చేతికి. ఒక్కో అక్షరం మీద వేలు ఆపాను. కుడి అనేది ఎడమ కావడానికి వీల్లేదు.

అక్క నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏం కాదు తియ్యే. మొదలు మొదలు ఎవరికైన గట్లనే ఉంటది. యాడనో సక్కగ సదవలేదు నువ్వు. పంతులమ్మ రాసింది తప్పెట్లైతది?"

ఆ మాట అక్క మంచికే అంది. కానీ నా లోపల సరిగ్గా అదే మాట అప్పటికే తిరుగుతోంది. సౌదీకి వచ్చేముందు బొంబాయిలో ఏజెంటు నా ముందు ఒక కాగితం పెట్టి వేలిముద్ర వేయించాడు. వంటపని అని చెప్పాడు. ఇక్కడికి వచ్చాక ఇంటిపని అంతా అన్నారు. అడిగితే కాగితంలో అదే రాసుందన్నారు. రాసి ఉంటే నిజమే అయి ఉంటుందని నోరు మూసుకున్నాను. మా ఇంట్లో మా అమ్మ దగ్గర్నుంచి అందరికీ అదే నమ్మకం. రాత ఎప్పుడూ సరైనదే. తేడా వస్తే అది మనలో.

అందుకే ఆ అరుగు మీద నాలుగోసారి కూడా చదివాను. నాలుగోసారీ అదే వచ్చింది. అప్పుడు ఇంకేదో తట్టింది. చదివింది సరే, రాసిందాన్ని పరీక్ష చేద్దాం అనిపించింది.

"టీచరమ్మా, ఇది మీరు ఎప్పుడు చూసి రాసినారు?"

ఆవిడ కాగితం వైపు చూశారు. దారి గురించి మాట అందించనన్నారు, ఇది దారి గురించో కాదో తేల్చుకుంటున్నట్టున్నారు.

"చూసి రాయలేదు. గుర్తున్నది రాశాను. పెళ్ళయి వచ్చిన వారానికి మావారు తిప్పిన దారి. పదకొండేళ్ళవుతోంది."

"ఆ తాత ఉన్నాడా?"

"రోడ్డు దాటినప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఇక్కడికి కొత్తగా వచ్చాననీ, ఏడుపు మొహంతో ఉన్నాననీ నా గ్లాసులో ఏలకులు ఎక్కువ వేశాడు." ఆవిడ పిల్లి వైపు చూస్తూ అన్నారు. "పూలదండలు అమ్మే ఆవిడ కూడా లేదు. మొబైల్ షాపులు అప్పట్లో అన్నీ మనవాళ్ళవే. హైదరాబాదు పిల్లలు, కేరళ పిల్లలు."

అంతే, నాకు పట్టు దొరికింది. సంచిలోంచి పెన్సిలు తీశాను. ఎక్కడికెళ్ళినా పెన్సిలు ఉండాలని నేర్పింది ఆవిడే.

"టీచరమ్మా, తప్పుగా అనుకోవద్దండి. నేను చదివింది కరెక్టే. మీ కాగితమే తప్పు."

అక్క నములుతున్నది ఆపింది. "ఓ చెల్లె, ఎవలతోని అంటున్నవే ఆ మాట?"

"కాగితంతో అంటాండా." గొంతు గట్టిగానే వచ్చింది. "చూడక్కా. మూడు, నాలుగు, అయిదు, ఆరు. మొబైల్ షాపు, చాయ్ తాత, తాత దగ్గర మలుపు, పూలామె. నాలుగూ మనుషుల్ని పట్టుకుని రాసిన దారులు. ఆ మనుషులు ఎగ్జిట్ కొట్టుకుని పోయినారు. ఇప్పుడున్న మొబైల్ షాపులు వేరే చోట ఉండాయి. వాటిని పట్టుకుని నేను మలుపు తిరిగితే గోడే గదా వచ్చేది?"

ఆ నాలుగు వాక్యాల మీదా గీత కొట్టాను. టీచరు రాతని కొట్టేయడం నాకు అదే మొదలు. తర్వాత మిగిలినవి పైకి చదివాను. ఏడు: తలెత్తితే చెక్క కిటికీలు. ఎనిమిది: సందు పైకి ఎక్కుతుంది, చివర వేపచెట్టు ఉంటుంది. తొమ్మిది: చెట్టు వెనక పెద్ద ఇల్లు. పది: అక్కణ్ణుంచి నేరుగా మసాలా వీధి, మధ్యలో పాత మీనారు. పదకొండు: వీధి చివర మక్కా గేటు.

"ఇవి యాడికీ పోయి ఉండవు," అన్నాను.

అక్క వేళ్ళు నాకింది. "నిజమే. యాపచెట్టుకు ఇకామా అక్కర్లేదు గద."

టీచరమ్మ ఫక్కున నవ్వారు. కబురు చెప్పిన రోజు తర్వాత ఆవిడ నవ్వడం అదే చూశాను.

అయితే వేపచెట్టు ఎటు? అది కాగితంలో లేదు. ఇక్కడ నా పాత చదువు అక్కరకొచ్చింది. రాబిగ్‌లో మేడ మీద బట్టలారేసే పని నాది. పన్నెండు దాటితే సముద్రం మీది గాలి కొండల వైపు తిరుగుతుంది. క్లిప్పులు సరిగ్గా పెట్టకపోతే యజమాని తోబు ఎగిరి తూర్పు పక్కింట్లో పడుతుంది. అలా మూడుసార్లు పడ్డాక నాకు దిక్కులు మర్చిపోయే అవకాశం లేకుండా పోయింది. జెద్దాకీ సముద్రం పడమరే. మేం దిగింది సముద్రం వైపు, చేరాల్సిన మక్కా గేటు దానికి ఎదురు వైపు.

"గాలి వీపుకి తగలాల. అట్ల నడుద్దాం పాండి," అన్నాను.

"మొగుని అంగీ ఆరేసినట్టు ఊరు సూపెడుతున్నది," అంది అక్క, కానీ డబ్బా సర్ది లేచింది.

సందుల్లో గాలి నిలకడగా ఉండదు. నాలుగు దార్లు కలిసే చోట మాత్రం తెలిసిపోతుంది. అలాంటి ప్రతి చోటా ఆగి, అబాయా కుచ్చెళ్ళు వదిలి నిలబడేదాన్ని. అవి ఎటు ఎగిరితే అటు. రెండు చోట్ల తేలక, ఏ సందు పైకి ఎక్కుతోందో పాదాలతో చూసుకున్నాను. నమాజు అయిపోయి షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఇప్పుడు ఎవరినైనా అడగొచ్చు. అక్క అడుగుదామంది కూడా. నేను వద్దన్నాను. మొబైల్ మార్కెట్ అనుభవం చాలు.

మూడో కూడలి దాటాక సందు ఒక్కసారిగా విచ్చుకుంది. చిన్న మైదానంలా ఉంది. మధ్యలో వేపచెట్టు.

నేను దాన్ని చూడకముందే అక్క పరుగెత్తింది. ఆ వయసులో, ఆ అబాయాలో. ఒక రెమ్మ వంచి ఆకు తుంచి నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "మనదే! మన చేదే!" అని అరిచింది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముసలి సౌదీలు ఈమె ఏం తింటోందా అని చూశారు.

చెట్టు వెనక పెద్ద ఇల్లు. ఎప్పుడో ఒక వ్యాపారి కట్టించినదట. కిటికీలు మనిషి కన్నా ఎత్తు, చెక్క మీద పువ్వుల చెక్కుడు. ఒకప్పుడు ఊరంతటికీ ఈ చెట్టొక్కటే ఉండేదనీ, చెట్టున్న ఇల్లు అంటే చాలు ఎవరైనా దారి చూపేవారనీ టీచరమ్మ చెప్పారు. దారి మాటలు కావు కాబట్టి ఆవిడ చెప్పొచ్చు. లోపల మెట్లు చాలా వెడల్పు, ఎత్తు తక్కువ. ఒంటె మీద సరుకు నేరుగా పై అంతస్తు వంటింటికి ఎక్కించేవాళ్ళట.

"గా ఒంటె పెంట ఎవలు ఎత్తుతుండిరి?" అని అక్క నన్నడిగింది.

ఇల్లు చూసే పద్ధతి ఒక్కొక్కరిది ఒకటి. మేమిద్దరం కాసేపు అన్ని కిటికీల కంతల్లోంచి దుమ్ము ఎలా తుడుస్తారో లెక్కలు వేశాం. పాత పళ్ళ బ్రష్షు అని నేను, తడిబట్ట చుట్టిన పుల్ల అని అక్క. టీచరమ్మ చెట్టు కింద కూర్చుని కాండం మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను అటు వెళ్ళలేదు. ఆ ఇంటి అరుగు మీద కాగితం పరిచి, కొట్టేసిన నాలుగు వాక్యాల పక్కన ఖాళీలో నావి రాయడం మొదలుపెట్టాను. రోడ్డు దాటి, మధ్యాహ్నం గాలి వీపుకి తగిలేలా నడవాలి. గోడకి ఇనుప గొట్టాలు ఉంటే ఆ సందు వద్దు. కూడలిలో ఆగి గాలి చూడాలి. పైకి ఎక్కే సందులో పోవాలి. నాలుగు వాక్యాలకి ముప్పావు గంట పట్టింది. మూడేళ్ళలో చూసి రాయకుండా, ఎవరూ చెప్పకుండా నేను రాసిన మొదటి రాత అదే.

తర్వాతి దారి కాగితంలో ఉన్నట్టే ఉంది. మసాలా వీధిలో మిరియాలు, ఎండు నిమ్మకాయలు, గోనెసంచుల్లో దాల్చిన చెక్క. పాత మీనారు మేం ఎదురుచూసిన చోటే నిలబడి ఉంది. ప్రతి వాక్యం పైకి చదివి, వేలితో ఎదురుగా చూపించి, మళ్ళీ నడిచాను. చూపించకపోయినా కనిపిస్తుంది. అయినా చూపించాను. చివరికి అక్క కూడా, "పదో నంబరు వచ్చింది, ఇగ పదకొండు చదువు," అని తొందరపెట్టింది.

మక్కా గేటు చేరేసరికి నాలుగున్నర. రెండు బురుజుల మధ్య కమాను. వెనకటి రోజుల్లో హజ్ యాత్రికులు అందులోంచి మక్కా వైపు బయలుదేరేవారట. దాని నీడలో నిలబడి కాగితం టీచరమ్మకి ఇచ్చాను.

ఆవిడ మొదటి నుంచీ చదివారు. అలవాటుగా సంచిలోంచి ఎర్ర పెన్ను తీశారు. తన నాలుగు వాక్యాల మీద నా గీతలు చూశారు. నా నాలుగు వాక్యాలు చదివారు, వాటిలో రెండు చోట్ల ఎర్రగా దిద్దారు.

"రెండు దీర్ఘాలు ఎగిరిపోయాయి," అన్నారు.

"గాలి ఎక్కువుంది గద పంతులమ్మా," అంది అక్క.

నేను నవ్వలేదు. ఒత్తులు సగం, దీర్ఘాలు రెండు, గోడకి గుద్దుకున్న ఒక సందు. ఇవన్నీ కలిపితే ఏం తేలుతుందో తెలీదు.

కారు వచ్చి ఆగింది. టీచరమ్మ భర్త అద్దం దించారు. ముందు సీట్లో నీలం సూట్‌కేసు. "కార్గో మూసేస్తారు, తొందరగా చెప్పు. ఇది ఇచ్చి రానా?"

"వద్దండి. అది రాబిగ్ వస్తుంది." ఆవిడ ఎర్ర పెన్నుకి మూత పెట్టి నా చేతిలో పెట్టారు. "ఇదీ అందులోనే ఉంచుకోండి. ఒత్తులు మిగిలినవి రోజుకొకటి ఫోనులో పంపుతాను. మీరు రాసి ఫొటో తీసి పంపాలి. మానేశారో, మనిషిని పంపి పెట్టె తెప్పించుకుంటా."

"మానను," అన్నాను.

తిరుగు దారిలో డిక్కీ ఖాళీ. అయినా సూట్‌కేసు నేను అక్కడ పెట్టనివ్వలేదు. టీచరమ్మ ముందు సీట్లో భర్త పక్కన కూర్చున్నారు, పెట్టె వెనక మా ఇద్దరి కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఊరు దాటగానే అక్క చెప్పులు విడిచి, రెండు పాదాలూ ఎత్తి దాని మీద పెట్టుకుంది.

"కాళ్ళు తియ్యక్కా."

"ఏ, పలకలు పలుగుతాయా? పొద్దంత నడిపిచ్చినవ్, కాళ్ళు గుంజుతున్నయ్."

"సదువు మీద కాళ్ళు పెడతారా? శుక్రవారం నువ్వు గుణింతం రాయాల, కొత్తవాళ్ళ ముందర."

"అబ్బో! గేటు దాటి గంట కాలె, అప్పుడే కొత్త పంతులమ్మ!" అని, నావైపు చూసి, ఒక కాలు దించింది.

రెండోది రాబిగ్ మంట కనిపించేదాకా అలాగే ఉంచింది.